పుట్టిన చోటు, నిలబడ్డ చోటు: వార్సాలో ఒక రౌతు విగ్రహం



మా మాష్టారి పేరిట ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని పిలుపు వచ్చినరోజు నాకు ముందుగా గుర్తొచ్చింది మా తరగతి గదిలోని నల్లబల్ల. ఆ రోజు యూరప్ చరిత్ర పాఠం. మాష్టారు సుద్దముక్కతో బల్ల నిండా ఒక దేశం పటం గీశారు. గీతలు వేసి ఊరుకోకుండా, సుద్దను అడ్డంగా పట్టుకుని లోపలంతా తెల్లగా నింపారు. తర్వాత డస్టర్ అందుకున్నారు. "1772" అంటూ అంచుల్లో కొంత తుడిచారు. "1793" అంటూ ఇంకొంత తుడిచారు. "1795" అని మిగిలిందంతా తుడిచేశారు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా అనే ముగ్గురు ఇరుగుపొరుగులు ఒక రాజ్యాన్ని మూడు విడతల్లో పంచుకున్న కథ అది. తుడిచేశాక మా వైపు తిరిగి, "ఇప్పుడు పోలండ్ ఎక్కడుంది?" అని అడిగారు. ఎవరం నోరు విప్పలేదు. గంట కొట్టారు. ఆయన చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మర్నాడైనా జవాబు చెబుతారనుకున్నాం. చెప్పలేదు.

ఆ జవాబు కోసం ఈ సాయంత్రం ఒక విగ్రహం చుట్టూ తిరుగుతాను. అది వార్సా నగరంలో, నేటి పోలండ్ అధ్యక్షుల భవనం ముందు ఉంది. గుర్రం మీద కూర్చున్నవాడు యువరాజు యూజెఫ్ పొన్యాతోవ్‌స్కి. పోలండ్ వీరుల్లో అగ్రగణ్యుడే గాని, ఆయన పుట్టింది మాత్రం పోలండ్‌లో కాదు.

వియన్నా బిడ్డ

పొన్యాతోవ్‌స్కి 1763 మే 7న వియన్నాలో పుట్టాడు. తండ్రి ఆంజెయ్ పోలండ్ నుంచి వెళ్ళి ఆస్ట్రియా సైన్యంలో ఉన్నత పదవికి ఎదిగినవాడు. తల్లి కిన్‌స్కీ వంశపు ఆడపడుచు, బొహీమియా ప్రభువుల ఇంటి బిడ్డ. ఆ ఇంట్లో, ఆ కొలువులో వినబడే మాటలు ఎక్కువగా ఫ్రెంచి, జర్మన్. పిల్లవాడు పుట్టిన మరుసటి ఏడు, 1764లో, అతని పెదతండ్రి స్తనిస్వావ్ అవుగుస్త్ పోలండ్ రాజుగా ఎన్నికయ్యాడు. పిల్లవాడికి పదేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. అప్పటినుంచి వార్సాలో ఉన్న పెదతండ్రే ఆలనాపాలనా పట్టించుకున్నాడు. అయినా యౌవనం రాగానే అతను చేరింది తండ్రి చేరిన ఆస్ట్రియా సైన్యంలోనే. చక్రవర్తి రెండో జోసెఫ్‌కు అంగరక్షక అధికారి అయ్యాడు. 1788లో తురుష్కులతో జరిగిన యుద్ధంలో, నేటి సెర్బియాలోని షాబాత్స్ కోట ముట్టడిలో గాయపడ్డాడు. అప్పటికతనికి ఇరవై అయిదేళ్ళు ఇంకా నిండలేదు. ఆ దారినే సాగిపోయి ఉంటే ఆస్ట్రియా సేనాపతుల జాబితాలో ఒక పేరుగా మిగిలేవాడు.

మరుసటి ఏడు వార్సా నుంచి కబురొచ్చింది. పోలండ్ తన సైన్యాన్ని కొత్తగా కట్టుకుంటోంది, చదువూ అనుభవమూ ఉన్న అధికారులు కావాలి అని. అతను ఆస్ట్రియా కొలువు వదిలేసి వచ్చాడు. ఎటు వచ్చాడో చూడండి. బలమున్న సామ్రాజ్యాన్ని వదిలి, అప్పటికే ఒక విడత ముక్కలు పోగొట్టుకున్న రాజ్యానికి వచ్చాడు. పుట్టుక మనం ఎంచుకునేది కాదు. ఈ రాక మాత్రం అతను ఎంచుకున్నదే.

1791 మే 3న పోలండ్ లిఖితపూర్వకమైన రాజ్యాంగాన్ని ఆమోదించుకుంది. యూరప్‌లో ఆధునిక రాజ్యాంగాలలో అదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు. దాన్ని అణచడానికి మరుసటి ఏడే రష్యా సేనలు వచ్చిపడ్డాయి. 1792 జూన్ 18న జెలెన్‌త్సె దగ్గర పొన్యాతోవ్‌స్కి సేన గెలిచింది. ఆ గెలుపు గుర్తుగా రాజు 'వీర్తూతి మిలితారి' అనే శౌర్య పతకాన్ని నెలకొల్పాడు. మొదట అందుకున్నవాళ్ళలో పొన్యాతోవ్‌స్కి, అతని చేతి కింది సేనాని తదేవుష్ కొష్చుష్కో ఉన్నారు. ఆ పతకం పోలండ్‌లో ఇవాళ్టికీ అత్యున్నత సైనిక పురస్కారం. అయితే పతకం పెట్టిన రాజే కొద్ది వారాల్లో రష్యా పక్షానికి తలవంచాడు. తండ్రిలాంటి పెదతండ్రి ఒకవైపు, ఎంచుకున్న దేశం ఒకవైపు. పొన్యాతోవ్‌స్కి పదవికి రాజీనామా చేసి దేశం విడిచి వెళ్ళాడు. 1794లో కొష్చుష్కో తిరుగుబాటు లేవదీసినప్పుడు తిరిగి వచ్చి, ఒకప్పుడు తన చేతి కింద పనిచేసిన అదే కొష్చుష్కో కింద పనిచేశాడు. తిరుగుబాటు విఫలమైంది. 1795 వచ్చింది. మాష్టారి డస్టర్ మూడోసారి బల్ల మీదికి వెళ్ళిన ఏడు అది.

అనుమానం

తర్వాతి పదేళ్ళలో కొన్నేళ్ళు ఆయన ప్రష్యా ఏలుబడిలోకి పోయిన వార్సాలో గడిపాడు. విందులు, వినోదాలు, గుర్రాలు. చూసినవాళ్ళు ఇతని పని అయిపోయిందనుకున్నారు. 1806లో నెపోలియన్ సేనలు వార్సా చేరి, మరుసటి ఏడు 'వార్సా డచీ' అనే చిన్న రాజ్యం ఏర్పడి, పొన్యాతోవ్‌స్కి దాని యుద్ధమంత్రి అయినప్పుడు, ఆ పదేళ్ళూ పరాయి దేశాల్లో పోలిష్ దళాలతో నెత్తురోడ్చిన సేనానులకు అది మింగుడుపడలేదు. మేం ఇటలీలో చస్తూ బతుకుతూ ఉంటే ఇతనెక్కడున్నాడు, వియన్నాలో పుట్టినవాడు, ప్రష్యా పాలనలో హాయిగా గడిపినవాడు అన్నది వాళ్ళ గుండెల్లో మాట. అన్యాయమైన అనుమానం కాదది. ఇతను మనవాడేనా అని అడిగే హక్కు కష్టం పడ్డవాళ్ళకు ఎప్పుడూ ఉంటుంది.

జవాబు 1809లో వచ్చింది. ఏప్రిల్ 19న వార్సా పొలిమేరల్లో రషిన్ గ్రామం దగ్గర, తనకన్నా రెట్టింపు మించిన సేనను ఆయన ఎదుర్కొన్నాడు. అది ఆస్ట్రియా సేన. తండ్రి పనిచేసిన సేన, తాను కత్తి పట్టడం నేర్చుకున్న సేన. రోజంతా నిలబడి, రాజధాని నాశనం కాకుండా ఒప్పందం మీద వార్సాను వాళ్ళకు వదిలి, తన సేనతో దక్షిణానికి మళ్ళాడు. శత్రువు రాజధానిలో కూర్చుని ఉండగా లుబ్లిన్, సాందొమియెష్, జామోష్చ్ పట్టుకుంటూ పోయి, జూలై 15న పాత రాజధాని క్రాకువ్‌లో అడుగుపెట్టాడు. పంపకంలో ఆస్ట్రియా తీసుకున్న ముక్కల్లో కొన్ని తిరిగి వచ్చాయి. ఆ తర్వాత వియన్నా మాట ఎవరూ ఎత్తలేదు.

మూడేళ్ళకు మరో కథ. ఇక్కడ నిజం దాచకూడదు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి వెళ్ళినప్పుడు పొన్యాతోవ్‌స్కి అయిదో సైనిక విభాగానికి అధిపతిగా వెళ్ళాడు. ఆ దండయాత్రలో పాల్గొన్న పోలిష్ సైనికులు మొత్తం లక్షకు దగ్గరగా ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. తమ నేల కోసం మొదలైన పోరాటం మరొకరి నేల మీదికి నడిచింది. పోలండ్ పేరును పటం మీదికి తిరిగి తెస్తానని నెపోలియన్ ఆశ పెట్టాడేగాని, ఆ పేరును మాత్రం ఎన్నడూ రాయలేదు. విగ్రహం ముందు నిలబడ్డప్పుడు మంచులో మిగిలిపోయిన ఆ పేరులేని వేలమందిని కూడా తలుచుకోవాలి. కంచు గుర్రం మీద ఒక్కడే కూర్చుంటాడు. పక్కన నడిచినవాళ్ళకు పీఠం మీద చోటుండదు.

నది

1813లో ఫ్రెంచి ప్రాభవం కూలిపోతోంది. రష్యా జారు నుంచి పొన్యాతోవ్‌స్కికి రాయబారాలు వచ్చాయి. పక్షం మారితే క్షమాపణ దొరుకుతుంది, సేనా దక్కుతుంది. ఆయన మారలేదు. మిగిలిన దళాలతో సాక్సనీ చేరాడు. అక్టోబరు 16 నుంచి 19 దాకా లైప్‌జిగ్ దగ్గర దాదాపు అయిదు లక్షలమంది సైనికులు కలబడ్డారు. మొదటిరోజే నెపోలియన్ ఆయనను ఫ్రాన్స్ మార్షల్‌గా ప్రకటించాడు. నెపోలియన్ మార్షళ్ళు ఇరవై ఆరుగురిలో పరదేశీయుడు ఈయన ఒక్కడే. ఎదుటి పక్షపు సేనలన్నిటికీ అధిపతి ష్వార్జెన్‌బెర్గ్, యౌవనంలో ఆస్ట్రియా సైన్యంలో ఈయన తోటివాడు.

19వ తేదీన ఫ్రెంచి సేన వెనక్కి మళ్ళింది. వెనుక కాపు కాసే పని పొన్యాతోవ్‌స్కి దళాలకు పడింది. ఎల్‌స్టర్ నది మీద ఉన్న వంతెనను చివరి దళాలు దాటాక పేల్చాలి. వేళకు ముందే పేల్చేశారు. వేలమంది ఈవలే చిక్కుకున్నారు. అప్పటికే గాయాలతో తూలుతున్న పొన్యాతోవ్‌స్కి గుర్రంతో సహా నదిలో దూకాడు. ఆవలి గట్టు చేరలేకపోయాడు. మార్షల్ పదవిలో ఉన్నది మూడురోజులు. వయసు యాభై. దేహం అయిదురోజులకు నీళ్ళలో దొరికింది. 1814లో వార్సా తీసుకొచ్చారు. 1817లో క్రాకువ్‌లోని వావెల్ కొండ మీద, పోలండ్ రాజులు పడుకున్న కోవెల నేలమాళిగలో ఉంచారు. వియన్నాలో పుట్టిన మనిషి పడుకునే చోటు తేలిపోయింది. ఇక నిలబడే చోటు తేలాలి. దానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

రోమ్ వేషం

వార్సాలో విగ్రహం నిలపాలన్న తలపు ఆయన దేహం వచ్చినప్పుడే పుట్టింది. అప్పుడు వార్సా జారు అలెగ్జాండర్ ఏలుబడిలోకి వచ్చింది. తన మీద కత్తి దూసిన మనిషికి విగ్రహం పెట్టుకోవడానికి ఆ జారు అనుమతి ఇచ్చాడు. చందాలు పోగయ్యాయి. పనిని ఆ కాలంలో యూరప్ అంతా పేరున్న బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్‌కు అప్పగించారు. డెన్మార్క్‌వాడు, కొయ్య చెక్కే ఐస్‌లాండ్ తండ్రికి కోపెన్‌హాగన్‌లో పుట్టి రోమ్‌లో నలభై ఏళ్ళు బతికినవాడు. 1820లో ఆయన స్వయంగా వార్సా వచ్చి చోటు చూసుకున్నాడు.

ప్రజల మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంది. ఒరేస్ వెర్నే అనే ఫ్రెంచి చిత్రకారుడు పొన్యాతోవ్‌స్కి నదిలో దూకే దృశ్యాన్ని చిత్రించాడు. ఆ చిత్రం అచ్చు ప్రతులు ఇంటింటికీ చేరాయి. ఒంటి మీద పోలిష్ సైనికుడి దుస్తులు, కళ్ళలో తెగింపు, ముందుకు ఉరికే గుర్రం. జనం ఆ మనిషి కోసమే ఎదురుచూశారు. థోర్వాల్డ్‌సెన్ రోమ్‌లో మలిచింది వేరే మనిషిని. తలమీద ఏమీ లేదు. ఒంటి మీద పొట్టి రోమన్ అంగీ, కాళ్ళకు బూట్లు లేవు. చాచిన కుడిచేతిలో కురచ కత్తి. గుర్రం ఉరకదు, దూకదు. ముందరి కాలొకటి ఎత్తి నింపాదిగా నడుస్తుంది.

ఆయన ఎదురుగా పెట్టుకున్న ఆదర్శం రోమ్‌లోని కాపిటల్ కొండ మీద ఉన్న మార్కస్ అరీలియస్ విగ్రహం. రోమన్ చక్రవర్తుల కంచు రౌతు విగ్రహాలు ఒకప్పుడు ఎన్నో ఉండేవి. తర్వాతి యుగాలవాళ్ళు లోహం కోసం కరిగించేశారు. ఇదొక్కటే ఎందుకు మిగిలిందంటే, మధ్యయుగాల జనం దాన్ని తొలి క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అనుకున్నారు. ఒక పొరపాటు ఒక కంచును బతికించింది. విగ్రహం ఆయుష్షు లోహంలో లేదు, చూసేవాళ్ళు ఏమనుకుంటున్నారన్నదానిలో ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

వార్సాలో నమూనా చూసినవాళ్ళు నొచ్చుకున్నారు. మన పొన్యాతోవ్‌స్కి ఏడీ? మన సైనికుల నాలుగు పలకల టోపీ ఏదీ? ఈ రోమన్ ఎవరు? మళ్ళీ అదే ప్రశ్న, మనవాడేనా అని. అప్పుడు మనిషిని అడిగారు, ఇప్పుడు విగ్రహాన్ని అడుగుతున్నారు. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది. దేశం పేరు పటం మీద లేని జనానికి టోపీ ఒక్కటే జెండా. అది కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? అయినా, అప్పటికి ఓడినా ఇప్పటికి గెలిచింది శిల్పే అని నా నమ్మకం. నదిలో దూకే మనిషిని మలిస్తే అది ఓటమి బొమ్మ అయ్యేది. థోర్వాల్డ్‌సెన్ ఆయనను చావుకు ముందు క్షణం నుంచి తప్పించి, నడక అనే క్షణంలో నిలిపాడు. ఏ సైన్యానికీ చెందని దుస్తులు కనుక, ఏ సైన్యం ఓడినా ఆ దుస్తులకు ఓటమి లేదు.

ప్రవాసం

పోత వార్సాలోనే పోశారు. నిలపవలసిన చోటు క్రకోవ్‌స్కియె ప్షెద్‌మియెష్చియె అనే రాచబాట మీద, రాజప్రతినిధి భవనం, అంటే నేటి అధ్యక్షుల భవనం ముందు. ఇదే వీధిలో థోర్వాల్డ్‌సెన్ మలిచిన మరో విగ్రహం, కోపర్నికస్‌ది, 1830 మేలో ఆవిష్కరించారు. ఆ నవంబరులో వార్సా రష్యా మీద తిరగబడింది. 1831 సెప్టెంబరులో సేనాపతి ఇవాన్ పాస్కెవిచ్ వార్సాను పట్టుకున్నాడు. జారు నికోలస్ అతనికి 'వార్సా ప్రభువు' అని బిరుదిచ్చి రాజప్రతినిధిని చేశాడు. 1832 నాటికి విగ్రహం పోత పూర్తయింది. నిలపడానికి మాత్రం అనుమతి పోయింది. ముక్కలుగా విప్పి మోద్లిన్ కోటకు తరలించారు. 1840ల మొదట్లో జారు దాన్ని పాస్కెవిచ్‌కే కానుకగా ఇచ్చాడు. అతను నేటి బెలారుస్‌లో ఉన్న గోమెల్‌కు, సోజ్ నది ఒడ్డున ఉన్న తన మహలుకు పట్టుకుపోయి, దాని ముందు అలంకారంగా పెట్టుకున్నాడు. వార్సాను ఓడించినవాడి పెరట్లో వార్సా వీరుడు.

కథ అక్కడితో ఆగలేదు. 1870లో, వార్సాలో ఆ భవనం ముందు, పొన్యాతోవ్‌స్కి కోసం అనుకున్న చోటనే, ఒక విగ్రహాన్ని నిలబెట్టారు. అది పాస్కెవిచ్‌ది. దాదాపు అర్ధశతాబ్దం పాటు వార్సా జనం ఆ విగ్రహం ముందు నుంచి నడిచారు. అక్కడ ఎవరుండాలో వాళ్ళకు తెలుసు. తాత మనవడికి చెప్పి ఉంటాడు. రాయకూడనిది, అరవకూడనిది, ఇంటి మాటగా చెప్పుకోవచ్చు. 1917లో, రష్యా సేనలు వెళ్ళిపోయిన రెండేళ్ళకు, పాస్కెవిచ్ విగ్రహాన్ని తీసేశారు. ఆ చోటు ఖాళీ అయింది.

1918 నవంబరులో పోలండ్ పటం మీదికి తిరిగొచ్చింది. 1921 మార్చి 18న సోవియట్ రష్యాతో రీగాలో కుదిరిన శాంతి ఒప్పందంలో, తరలించుకుపోయిన సాంస్కృతిక సంపదను తిరిగి ఇవ్వాలన్న షరతులు ఉన్నాయి. ఆ షరతుల కింద 1922లో కంచు రౌతు గోమెల్ నుంచి ఇంటికి వచ్చాడు. ఇంటికి అన్నాను గాని, అతనెప్పుడూ ఆ ఇంట్లో నిలబడలేదు. అప్పటికి వయసు తొంభై ఏళ్ళు. 1923 మే 3న, రాజ్యాంగ దినాన, వార్సాలోని సాక్సన్ చౌకులో ఆవిష్కరించారు. ఫ్రాన్స్ మార్షల్ ఫోష్ అతిథిగా వచ్చాడు. చందాలు ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ బతికి లేరు. వాళ్ళ మనవలు, మునిమనవలు చూశారు. రెండేళ్ళకు, 1925లో, విగ్రహం వెనుక సాక్సన్ ప్రాసాదపు తోరణాల కింద అజ్ఞాత సైనికుడి సమాధి కట్టారు. ఇందాక మనం తలుచుకున్న పేరులేనివాళ్ళకు అప్పుడు ఒక చోటు దొరికింది, అదీ రౌతు వెనుకనే.

బూడిద

ఆ నిలకడ ఇరవై ఒక్కేళ్ళే. 1939లో జర్మన్లు వచ్చారు. చౌకుకు హిట్లర్ పేరు పెట్టారు. 1944 ఆగస్టు 1న నగరం తిరగబడి అరవై మూడురోజులు పోరాడి ఓడిపోయింది. బతికున్న జనాన్ని వెళ్ళగొట్టి, ఖాళీ నగరాన్ని వీధి తర్వాత వీధిగా తగలబెట్టారు, పేల్చారు. ఆ డిసెంబరులో పొన్యాతోవ్‌స్కి విగ్రహాన్ని పేల్చేశారు. అదే నెలాఖరున వెనుకనున్న సాక్సన్ ప్రాసాదాన్నీ పేల్చేశారు. అజ్ఞాత సైనికుడి సమాధి మీది మూడు తోరణాలు మాత్రం నిలిచాయి. ఆ ప్రాసాదంలో మిగిలినవి అవే.

యుద్ధం మధ్యలో కారణం లేకుండా పగిలిన విగ్రహం కాదిది. ఎవరూ లేని నగరంలో, మందుగుండు అమర్చి, పనిగట్టుకుని పేల్చిన విగ్రహం. జనాన్ని ఓడించాక కూడా వాళ్ళ విగ్రహాన్ని చూసి భయపడ్డారంటే, అందులో ఏదో ఉందని వాళ్ళూ ఒప్పుకున్నట్టే. మాష్టారి డస్టర్ నాలుగోసారి పడింది. ఈసారి పటం మీద కాదు, కంచు మీద.

సుద్ద

ఇప్పుడు శిల్పుల పనితనం గురించి ఒక మాట చెప్పాలి. కంచు విగ్రహం మొదట బంకమట్టిలో పుడుతుంది. మట్టి ఎండితే పగులుతుంది. అందుకని దాని మీద ప్లాస్టర్ పోసి, భాగాలుగా అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి నిలువెత్తు నమూనా తయారుచేస్తారు. దాన్నుంచి తీసిన అచ్చుల్లో కరిగిన కంచు పోస్తారు. పోత పూర్తయ్యాక ఆ ప్లాస్టర్‌తో పనిలేదు. బరువు, పెళుసు, వానకు నిలవదు, విసిరితే ముక్కలు. చాలామంది శిల్పులు పారేస్తారు. థోర్వాల్డ్‌సెన్ దాచుకున్నాడు. జీవితకాలపు నమూనాలన్నీ పుట్టిన ఊరు కోపెన్‌హాగన్‌కు ఇచ్చేశాడు. వాటి కోసం కట్టిన మ్యూజియం 1848లో తెరిచారు. ఆయన సమాధి ఆ మ్యూజియం నడిమి ముంగిట్లోనే ఉంది.

పొన్యాతోవ్‌స్కి ప్లాస్టర్ నమూనా ఆ మ్యూజియంలో నిలబడి ఉంది. వార్సా కంచు గోమెల్‌లో ఉన్నప్పుడు అక్కడే ఉంది. కంచు తిరిగొచ్చినప్పుడు అక్కడే ఉంది. కంచు తునాతునకలైన 1944 డిసెంబరులో, జర్మన్ ఆక్రమణలోనే ఉన్న కోపెన్‌హాగన్‌లో, ఆ తెల్లటి సుద్ద రౌతు నింపాదిగా కాలెత్తి నిలబడే ఉన్నాడు. యుద్ధం ముగిశాక డెన్మార్క్ ఆ నమూనా నుంచి కొత్త కంచు పోత పోయించి వార్సాకు కానుకగా ఇచ్చింది. 1952లో వార్సాలోని వజియెంకి ఉద్యానంలో నిలిపారు. 1965లో తీసుకొచ్చి రాచబాట మీది భవనం ముందు, నూట ముప్ఫై ఏళ్ళకు ముందే అనుకున్న చోటనే నిలిపారు. ఒకప్పుడు పాస్కెవిచ్ నిలిచిన చోటు అదే.

ఆ విగ్రహం చుట్టూ నేను మొదటిసారి తిరిగినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యాన్ని మీతో పంచుకోవాలి. వీరుడు పుట్టింది వియన్నాలో. మలిచినవాడు డెన్మార్క్‌వాడు. మలిచింది రోమ్‌లో. ఆదర్శం ఒక రోమన్ చక్రవర్తి. మొదటి కంచు తన బతుకులో ఎక్కువ కాలం గడిపింది గోమెల్‌లో. ఇప్పుడు కనిపించే కంచు డెన్మార్క్ ఇచ్చింది. మట్టిని బట్టి, పుట్టుకను బట్టి లెక్కకడితే ఆ విగ్రహంలో పోలండ్‌ది ఏమీ లేదు. అయినా దాన్ని మించిన పోలిష్ విగ్రహం వార్సాలో మరొకటి లేదు. ఎందుకంటే దాన్ని కోరుకున్నవాళ్ళు పోలిష్ జనం. కోరుకుని, ఎదురుచూసి, పోగొట్టుకుని, వెతికి తెచ్చుకుని, మళ్ళీ పోగొట్టుకుని, మళ్ళీ కోరుకున్నవాళ్ళు వాళ్ళే. మనిషి అయినా విగ్రహమైనా ఎవరివాడో తేల్చేది ఎక్కడ పుట్టాడన్నది కాదు. ఎవరి కోసం నిలబడ్డాడు, ఎవరు తమవాడని పట్టుకుని వదలలేదు, ఈ రెండే.

విగ్రహం వెనుక ఉన్న ఆ భవనం ఎన్నో చూసింది. 1955 మేలో వార్సా సైనిక ఒప్పందం మీద సంతకాలు అందులోనే జరిగాయి. 1989లో ప్రభుత్వమూ ప్రతిపక్షమూ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, నెత్తురు చుక్క రాలకుండా ఒక పాలనను ముగించిన చర్చలు అక్కడే. 2010 ఏప్రిల్‌లో దేశాధ్యక్షుడు విమాన ప్రమాదంలో పోయినప్పుడు జనం వేల దీపాలు తెచ్చి ఆ భవనం ముందు పెట్టారు. పొట్టి రోమన్ అంగీతో నిలిచిన రౌతు ఎదుట, ఎవరికీ అతను పరాయివాడుగా తోచలేదు.

మరక

మాష్టారి ప్రశ్నకు వస్తాను. పోలండ్ పటం మీద లేని నూట ఇరవై మూడేళ్ళలో పోలండ్ ఎక్కడుంది?

చందా ఇచ్చినవాళ్ళ పేర్ల జాబితాలో ఉంది. ఖాళీ చోటును చూపించి మనవడికి చెప్పిన తాత నోట్లో ఉంది. పరాయి నది ఒడ్డున, ఓడించినవాడి తోటలో వానకు తడుస్తూ ఉంది. పోత అయ్యాక పనికిరాదని అందరూ పారేసే పెళుసు సుద్దలో, పరాయి నగరంలోని ఒక మ్యూజియంలో ఉంది. బలమైనదాన్ని పేల్చగలిగారు. బలహీనమైనదాన్ని ఎవరో జాగ్రత్తగా ఎత్తిపెట్టారు కనుక, బలమైనది తిరిగి పుట్టింది.

మీలో బడిపంతుళ్ళుంటే ఒక సంగతి తెలిసే ఉంటుంది. శిల్పి ప్లాస్టర్ దేనితో తయారవుతుందో, మన తరగతి గదుల్లో వాడే సుద్దముక్కలు చాలావరకు దానితోనే తయారవుతాయి. రెండూ జిప్సమే. మాష్టారు ముప్ఫై ఏళ్ళకు పైగా చేతులకు, చొక్కాకు అంటించుకుని ఇంటికి వెళ్ళిన తెల్లటి పొడి అదే.

ఆ రోజు ఆయన మూడుసార్లు తుడిచాక బల్ల నల్లగా కాలేదు. పటం ఉన్న చోట తెల్లటి మరక మిగిలింది. ఏ దేశం అక్కడుండేదో ఆ మరక ఆకారాన్ని బట్టి వెనుక బెంచీలోంచి కూడా పోల్చుకోవచ్చు. జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన బల్ల మీదే వదిలి వెళ్ళారు.